పాస్‌బుక్కు అక్కరలేని విత్తనం

ఆ రోజుల్లో నాకు దేవుడు చర్చిలో కంటే బయటనే ఎక్కువ కనపడేటోడు. ఇరవై రెండేండ్ల వయసు. డిగ్రీ అయిపోయింది. కామారెడ్డిలో ఒక విత్తనాలు, ఎరువుల దుకాణంలో కంప్యూటర్ ముందు కూసొని బిల్లులు కొట్టే పని దొరికింది. వారమంతా చిన్నమ్మ ఇంట్లో ఉండుడు, శనివారం సాయంత్రం ఎల్లారెడ్డికి పోయి అమ్మ, బాపులతోని ఆదివారం ఆరాధన చూసుకొనుడు, సోమవారం పొద్దుగాల బస్సెక్కి మళ్ల దుకాణానికి వచ్చుడు. గింతే నా జీవితం. కానీ గింత జీవితంలో ఎన్ని ఆత్మీయ పాఠాలు దొరుకుతుండెనో! మోటరు నీళ్లెత్తకపోతే ముందుగాల దాని నోట్లో చెంబెడు నీళ్లు పోస్తరు గదా, అది చూసి 'పోసినోనికే పొంగి వస్తది' అని నాకు ఒళ్లు జలదరించేది. పురుగుల మందు డబ్బా మీద 'వాడే ముందు బాగా కుదపండి' అని ఉంటే, అది దేవుడు నా కోసమే అచ్చు వేయించినట్టు అనిపించేది. నన్ను వాడుకోబోతున్నడు గనుకనే ఇన్ని కష్టాలల్ల కుదుపుతున్నడని కండ్లల్ల నీళ్లు తిరిగేవి. (అప్పటికి నాకున్న అతి పెద్ద కష్టం సోమవారం బస్సుల సీటు దొరకకపోవుడు.)

చదువుడు గూడ అట్లనే. చర్చి బీరువాల చెదలు తినంగ మిగిలిన ధ్యానాల పుస్తకాలన్నీ ఒకటెనక ఒకటి నమిలేసిన. ఒక పుస్తకంల ఎవరో చలిదేశపాయన మంచు కురుస్తుంటే కిటికీలోంచి చూసుకుంట దేవుని నెమ్మది గురించి రాసిండు. నాకు మంచు యాడ దొరుకుతది? చిన్నమ్మ ఫ్రిజ్ తలుపు తీసి, పైన పేరుకున్న ఐసు దిక్కు చూసుకుంట నిలబడ్డ. నెమ్మది దిగివచ్చే లోపల చిన్నమ్మ దిగింది. "ఏం జూస్తున్నవే గంతసేపు? తలుపెయ్యి, పాలిరుగుతయి." నేను నా దర్శనం గురించి చెప్పబోతే చేతులు రెండు జోడించింది. "నీకు దండం పెడ్త బిడ్డా. నాకు గూడ దేవుడంటే భక్తే. కానీ పప్పు మాడితే మాడిందని చెప్పు. 'అగ్నిల శోధన' అనకు. మొన్న నువ్వు శోధన గురించి చెప్పుకుంట నిలబడితే కింద గిన్నె గూడ మాడింది."

ఎల్లారెడ్డిల మాత్రం నా మాటకు విలువ ఉండె. మా సంఘం పాస్టరు అయ్యగారు ఫోన్ల ఒక గ్రూపు పెట్టించిండు. రోజూ పొద్దుగాల ఎవరో ఒకరు నాలుగు మంచి మాటలు రికార్డు చేసి అందుల పంపాలె. మొదట్ల అందరు ఎగబడి ఒప్పుకున్నరు, తర్వాత ఒక్కొక్కరే జారుకున్నరు, ఆఖరికి నేనొక్కదాన్ని మిగిలిన. నాకైతే పండుగ! రోజూ నేనే! నేను పంపుడు ఆలస్యం, బాపు 'ఆమెన్' అని పెట్టేటోడు. ఇంకెవరు పెట్టకపోతే నా మనసు చిన్నబుచ్చుకుంటదని, అమ్మ ఫోన్ తీసుకొని దాంట్ల నుంచి గూడ ఒక 'ఆమెన్' కొట్టేటోడు. (అమ్మకు ఫోన్ల రాసుడు రాదని ఊరందరికి తెలుసు.)

ఇట్ల నడుస్తుంటే, వానలు మొదలయ్యే ముందర ఒక ఆదివారం అయ్యగారు నన్ను పిలిచి, "వచ్చే ఆదివారం యవ్వనస్థులది. ప్రసంగం నువ్వు చెయ్యాలె" అన్నడు. నా చెవులల్ల బాకాలు ఊదినట్టయింది. మా చర్చిల అప్పటిదాక ఆడపిల్ల నిలబడి వాక్యం చెప్పింది లేదు. సంఘ పెద్దలల్ల ఒకాయన ఉండె, చర్చి గంట కొట్టేది ఆయనే కాబట్టి మేమంత గంట తాత అనేటోళ్లం. ఆయన అక్కడనే, అందరు వినంగ, "బిల్లులు కొట్టుకునే పోరి వాక్యమేం చెప్తది అయ్యగారు? నవ్వులపాలు అయితది" అన్నడు. అయ్యగారు మాట మార్చలే.  బాపు ఇంటికొచ్చినంక అమ్మతోని, "పిల్లకు ఆ నీలం చీర ఇస్త్రీ చేయించు" అన్నడు. అంతే అన్నడు గని, ఆ రాత్రి ఆయన అన్నం సరిగ తినలేదు. నవ్వులపాలయితే నాకంటే ఎక్కువ ఆయననే అయితడని నాకు సమజైంది.

ఏ వాక్యం చెప్పాలె అనేదాంట్ల నాకు అనుమానమే లేదు. విత్తనాలు చల్లెటాయన ఉపమానం! నాకు అన్నం పెట్టేదే విత్తనం, ఇంకేం కావాలె? కొన్ని నలుగురు నడిచే తొవ్వ మీద పడ్డయి, పిట్టలు తిన్నయి. కొన్ని బండల మీద పడ్డయి, మొలిచి ఎండిపోయినయి. కొన్ని ముండ్లల్ల పడ్డయి. కొన్ని మంచి నేలల పడి నూరంతలు పండినయి. నువ్వు ఏ నేలవు? అని ఆఖర్ల గట్టిగ అడగాలె, గంట తాత దిక్కు చూసి అడగాలె అని గూడ అనుకున్న. ఆదివారం లోపల రోజుకింత గ్రూపుల చెప్పి సాధన చేద్దామని, సోమవారం బస్సుల కిటికీ పక్కన సీటు దొరకంగనే (ఆనాడు సీటు దొరికింది, అదే దేవుని నడిపింపు అనుకున్న) ఫోన్ నోటికాడ పెట్టుకొని మొదటి ముక్క రికార్డు చేసిన.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. మా దుకాణం సేటు వేళ్లు లావు, ఫోన్ల ఒక అక్షరం కొడితే మూడు పడేవి. అందుకని దుకాణం రైతుల గ్రూపు గూడ నా ఫోన్ల నుంచే నడిపేది. ఏ స్టాకు వచ్చింది, వాన ఉన్నదా లేదా, అన్నీ నేనే చెప్పేది. రాజంపేట నుంచి నస్రుల్లాబాద్ దాక రైతులు ఉండె అందుల. ఫోన్ల రెండు గ్రూపులు ఒకదాని కింద ఒకటి, అన్నదమ్ముల లెక్క కూసొని ఉండేవి. బస్సు ఒక గుంతల పడింది. నా వేలు కిందికి జారింది. లింగంపేట దాటినంక సిగ్నల్ పోతదని తొందరల నేను చూసుకోలే, ఫోన్ సంచిల పెట్టి, మనసు నిండ తృప్తితోని నిద్రపోయిన.

దుకాణం కాడికి వస్తే లైను! మా గల్లీ మూల తిరిగి, చాయ్ హోటల్ దాటి, రోడ్డు దాక. ముందు ఉన్న చోట మనుషులు గాదు, చెప్పులు. తెలంగాణల విత్తనాల కాలంల చెప్పులే లైన్ల నిలబడుతయి, మనుషులు పక్కన నీడకు కూసొని వాటికి కాపలా కాస్తరు. ఆ వారం విత్తనాలకు కొరత ఉన్నది, భూమి పాస్‌బుక్కు చూపితేనే మనిషికింత అని ఇచ్చేది, మా దగ్గరైతే ఒక్క సంచి లేదు. 'లోడు వచ్చిందేమో! ఇంతమందికి నేనొక్కదాన్నే బిల్లులు కొట్టాలె!' అని నాకు హుషారు వచ్చింది. ఆఖర్ల నిలబడ్డ ఒక పెద్దాయనను అడిగిన.

"ఏ కంపెనీ వచ్చింది పెద్దనాయన?"

"కంపెనీ గింపెనీ తెల్వది బిడ్డా. ఫిరి ఇస్తున్నరంట. పొద్దుగాల ఫోన్ల ఎవలో పిల్ల మంచిగ చెప్పింది."

ఫిరి ఇచ్చేంత మంచోడు మా సేటు ఎప్పటినుంచి అయిండో అనుకుంట రెండడుగులు వేసిన్నో లేదో, బాపు ఫోన్ చేసిండు. "బిడ్డా, పానం మంచిగున్నదా? ఇయ్యాల నీ మాట రాలే. నేను చూస్తనే ఉన్న."

"పంపిన గద బాపు, బస్సుల నుంచే..."

ఆ మాట నా నోట్లనే ఉన్నది, పక్కన గోడకు ఆనుకొని కూసున్న ఒకాయన ఫోన్ల నుంచి ఒక గొంతు వినపడ్డది. తీయగ, మెల్లగ, కొంచెం ముక్కుతోని, ఏడ్వబోయే ముందు ఉండే గొంతు. "ప్రియమైన వారలారా! ఈ ఉదయం మీకొక శుభవార్త. మంచి విత్తనం మన కోసం తయారుగా ఉన్నది. దీనికి రూపాయి అక్కరలేదు. పాస్‌బుక్కు అక్కరలేదు. లైన్ల చెప్పులు పెట్టుడు అక్కరలేదు. ఎంతమంది వచ్చినా తరగదు. రేపు చూద్దాం అనుకోకండి, ఈ రోజే రండి! ఉట్టి చేతులతోనే రండి!"

అది నా గొంతే. అవతల ఇంకొకాయన ఫోన్ల గూడ అదే. ఆటో దిగుతున్న ఇద్దరి ఫోన్లల్ల గూడ అదే. "ఈ రోజే రండి" అని కామారెడ్డిల నలుమూలల నుంచి నన్ను నేనే పిలుస్తున్న. విత్తనమంటే దేవుని మాట అని చెప్పే రెండో ముక్క ఉన్నది చూసిండ్రా, అది ఇంక నా కడుపులనే ఉన్నది.

లోపల సేటు ఫోన్ల ఒర్రుతున్నడు. "మాకు చెప్పకుంట ఫిరి స్కీమ్ పెట్టిండ్రా? నా దుకాణం, నాకే తెల్వదా?" అవతల కంపెనీ వాళ్లు ఏమన్నరో గని, సేటు ఫోన్ చెవికాడి నుంచి తీసి నా దిక్కు చూసిండు. నా మొకం చూసినంక ఆయనకు అడిగే పని లేకపాయె. సంగతంత చెప్పిన. ఆయన తలుపులోంచి లైను దిక్కు ఒకసారి చూసిండు. ఆ తర్వాత మెల్లగ, "గంట తరువాత చెప్పులన్ని ఇటు దిక్కు ఎగిరొస్తయి. నేను తప్పించుకుంట. నువ్వు పిలిచినవు, నువ్వే చెప్పు. చెప్పినంక నీకు ఇక్కడ పనున్నదో లేదో మాట్లాడుకుందాం" అని, నన్ను బయటికి తీసుకపోయి ఒక ఎరువుల బస్తా మీద నిలబెట్టిండు.

నేను నీలం చీరల చర్చిల నిలబడుతనని కలగన్న. ఎరువుల బస్తా మీద నిలబడ్డ.  అంతమంది రైతులు, ఎవరి మొకంల చూసినా ఆశ. ఉన్నదున్నట్టు చెప్పిన. పొరపాటయింది, సంచులు లేవు, అది మా చర్చి వాళ్లకు పంపేది, విత్తనమంటే దేవుని మాట అని.  ముందున్నోళ్లల్ల ఒకాయన లేచిండు. "దున్నే పని ఇడిసిపెట్టి ఆటో కట్టుకొని వచ్చిన. నీకు ఆట లెక్క ఉన్నదా?" ఆయన అన్నదాంట్ల తప్పేమున్నది? నాకు ఏడుపు వచ్చింది, వస్తుంటే ఆపుకోలే. పాఠాలన్ని యాడికి పోయినయో పోయినయి. ఒక్క పాఠం యాదికి రాలే.

అప్పుడు వెనకనుంచి ఒక పెద్ద గొంతు. నస్రుల్లాబాద్ పటేల్. మీసం, తలకు తువ్వాల, ఏదైనా సగంల వదిలిపెట్టే మనిషి గాదు. "ఏడ్సుడు తరువాత గని, సంచులు లెవ్వు సరే. అసలు ఆ ముచ్చటేంది? ఇత్తనాలు పట్టుకపోయినోడు ఏం జేసిండు?"

ముక్కు తుడుచుకొని చెప్పిన. తొవ్వ మీద కొన్ని పడ్డయన్న.

"తొవ్వ మీదనా!" లైన్ల కూసున్నోళ్లు గూడ లేచిండ్రు. "తొవ్వ మీద ఎవడు జల్లుతడు? కండ్లు కనపడయా?"

బండల మీద కొన్ని అన్న.

"ఆగాగు. వాడు రైతేనా?"

ముండ్లల్ల కొన్ని అన్న.

"దున్నలే, కలుపు తియ్యలే, ఇత్తనాలు పారబోసుకున్నడు. మేమిక్కడ ఒక్క సంచి కోసం చెప్పులిడిసి కూసుంటిమి!" ఇందాక కోపం చేసినాయనకు ఇప్పుడు నా మీద కోపం పోయి ఆ ఉపమానంల రైతు మీదికి మళ్లింది. నాకు ఆ రైతు మీద జాలి పుట్టి, ఆయన తరఫున వకాలత్ పట్టుకున్న. ఆ కాలంల ముందుగాల చల్లి తర్వాత దున్నేటోళ్లంట, పుస్తకంల చదివిన అన్న. ఎవరు ఒప్పుకోలే. "సరే, ఆఖరికి పంటేమన్న వచ్చిందా?" అన్నడు పటేల్, ఎట్లన్న నష్టమే అన్నట్టు.

"మంచి నేలల పడ్డయి నూరంతలు వచ్చినయి."

పటేల్ తువ్వాల తీసి భుజానేసుకున్నడు. "నూరంతలా! ఏ రకం అది? రకం పేరు చెప్పు!"

జనం విరగబడి నవ్విండ్రు. సేటు గూడ నవ్విండు, మళ్ల మొకం సర్దుకున్నడు. నేను ఏడ్చుకుంట నవ్విన. ఆ నవ్వు సద్దుమణిగినంక, మెట్టు మీద కూసున్న రాజంపేట అవ్వ నోరు తెరిచింది. పది ఎకరాల ఆసామి, దుకాణానికి ఎప్పుడొచ్చినా కొడుకులను పక్కకు జరిపి తనే బేరం చేసేది. "మీకు తెలువది తియ్యుండ్రి. వాడు గుడ్డోడు గాదు. వానికి గింజల ఫికర్ లేదు. ఫికర్ ఉన్నోడు సాలు చూసి ఒక్కొక్కటి ఇడుస్తడు. ఫికర్ లేనోడు గట్లనే జల్లుకుంట పోతడు. మా ఇంటాయన గంతే ఉండె. పొలం గెట్టు మీద పడితే పడనియ్యి, పిట్ట తింటే తిననియ్యి అనేటోడు. నేను ఎన్ని తిట్లు తిట్టిన్నో! తిట్టినకొద్ది పిడికిలి ఇంకింత పెద్దగ చేసి జల్లేటోడు. ఆయన పోయి ఇన్నేండ్లాయె. గింజలు బాగనే మిగులుతున్నయి ఇప్పుడు. గట్ల జల్లే చెయ్యే లేదు."

 నేను బస్తా మీద అట్లనే నిలబడిపోయిన. ఆ ఉపమానం నేను చిన్నప్పటి నుంచి వింటున్న. నేను ఏ నేలను, పక్కింటోళ్లు ఏ నేల, గంట తాత ఏ నేల, ఇదే లెక్క. అందరం కింద నేలనే చూసుకుంట కూసున్నం. తలెత్తి ఆ చల్లే ఆయన దిక్కు ఒక్కనాడు చూడలే. తొవ్వ అని తెలిసే చల్లిండు. బండ అని తెలిసే చల్లిండు. ఏం మనిషి! ఏం చెయ్యి! అక్కడనే అరవాలె అనిపించింది. అరిచిన గూడ. "మిగతాది ఆదివారం ఎల్లారెడ్డిల చెప్త!" అని. ఎందుకన్ననో నాకే తెల్వది.

సేటు తెలివైన మనిషి. వచ్చినోళ్లను ఉట్టిగ పంపితే దుకాణం పేరు పోతదని, చాయ్ చెప్పిండు. "రేపు లోడు దిగుతది, ఇయ్యాల వచ్చినోళ్లకే ముందుగాల ఇస్త, ఇది నా మాట" అని నిలబడి చెప్పిండు. కోపం చేసినాయన చాయ్ తాగి, పోయే ముందు నా దగ్గరికి వచ్చి, "నీ గొంతు మంచిగున్నది గని బిడ్డా, కొంచెం ముచ్చట ముందు చెప్పి పిలుపు తర్వాత పిలువు" అన్నడు. ప్రసంగాల గురించి అంతకంటే మంచి సలహా నాకు ఇప్పటిదాక ఎవరియ్యలే. సాయంత్రం సేటు ముందర తలొంచుకొని నిలబడ్డ. "పనికి రా. గ్రూపు గూడ నువ్వే చూడు. పంపే ముందర మాత్రం నాకు ఇనిపియ్యి" అని, కొంచెంసేపు ఆగి, "ఆ నూరంతల ముచ్చట నిజమేనా?" అన్నడు.

ఆదివారం నీలం చీర కట్టుకొని నిలబడ్డ. రాసుకున్నదంత పక్కకు పెట్టి, ఎరువుల బస్తా నుంచి మొదలుపెట్టిన. మొదట్ల సంఘం వాళ్లకు నవ్వాల్నా వద్దా తెలువలే, అయ్యగారు నవ్వినంక అందరు నవ్విండ్రు. నడిమిట్ల వెనక తలుపు కాడ అలికిడయింది. చూస్తే నస్రుల్లాబాద్ పటేల్! బయట బండి ఆపి, చెప్పులిడిసి, తువ్వాల చేతుల పట్టుకొని నిలబడ్డడు. గంట తాత దగ్గరికి పోయి మెల్లగ, "ఎవలు కావాలె?" అన్నడు. మెల్లగ మాట్లాడుడు పటేల్‌కు యాడ వస్తది? "ఇత్తనాల కోసం వచ్చిన. మిగతాది ఇయ్యాల చెప్త అన్నది ఆ పిల్ల" అని చర్చంత వినపడేటట్టు అన్నడు. గంట తాత ఒక్క నిమిషం ఆయన దిక్కు చూసి, నా దిక్కు చూసి, తన కుర్చీ తెచ్చి పటేల్‌కు వేసిండు. తను గోడకు ఆనుకొని నిలబడ్డడు, ఆఖరి దాక.

నేను ఏం చెప్పిన్నో నాకు సగం యాదికి లేదు. మనం మంచి నేలమైతేనే ఆయన చల్లుతడని భయపడుతున్నం గని, ఆయన నేలను చూసి చల్లేటోడు గాదు, తన చెయ్యి చూసి చల్లేటోడు అన్న. అవ్వ వాళ్ల ఇంటాయన పిడికిలి గురించి గూడ చెప్పిన. ఉత్సాహంల ఎంత దబదబ చెప్పిన్నంటే, అయ్యగారు ప్రసంగానికి పెట్టిన టైంల సగానికే అయిపోయింది, మిగతా టైమంత వాళ్లు పాటలు పాడి నింపుకున్నరు. పటేల్ మొత్తం విని, లేచి బాపు చెయ్యి పట్టుకొని, "ముచ్చట మంచిగున్నది. రకం పేరు మాత్రం దాస్తున్నరు" అని పోయిండు. బాపు ఏమన్న అంటడని చూసిన గని, ఆయన ఆనాడు ఇంట్ల అన్నం రెండుసార్లు పెట్టించుకొని తిన్నడు.

ఇప్పుడు నేను కామారెడ్డిలనే ఒక బడిల పిల్లలకు తెలుగు చెప్తున్న. పుస్తకాలు అప్పటికంటే ఎక్కువ చదివిన, కొంచెం నింపాదిగ చదివిన. మొన్న వానలకు నిజాంసాగర్ గేట్లు ఎత్తిండ్రని మా ఆయన, పాప, నేను చూడపోయినం. అన్ని గేట్లల్ల నుంచి నీళ్లు దుంకుతున్నయి, చప్పుడుకు పక్కోని మాట పక్కోనికి వినపడుత లేదు, తుంపర మీద పడి ముగ్గురం తడిసినం. ఇరవై రెండేండ్ల ఆ పిల్ల ఉంటే ఈపాటికి ఫోన్ నోటికాడ పెట్టుకొని, కండ్ల నీళ్లతోని, గేట్ల గురించి ఒక పాఠం, నీళ్ల గురించి ఒక పాఠం మొదలుపెట్టేది. నాకు ఒక్క పాఠం రాలే. అట్ల చూసుకుంట నిలబడ్డ, 'ఎంత మంచిగున్నదయ్యా' అన్న, అంతే. అదే నా ప్రార్థన. అయినా ఆ పిల్ల ఒక్కసారి పక్కన వచ్చి నిలబడితే బాగుండు అనిపించింది. చెప్పుకుంట పోనీ, ఎంతసేపైనా చెప్పనీ, నేనైతే ఆపను.